బుర్రకథ రికార్డింగ్: మూడు గొంతులూ విడివిడి ట్రాకుల్లో రావాలంటే ఏం చేయాలి?

నల్లపాడు_లెక్కల_టీచర్
ఏప్రిల్ 27, రాత్రి 10:52

నమస్కారం అండీ. మాది గుంటూరు పక్కన నల్లపాడు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రికార్డింగ్ పని నాకు పూర్తిగా కొత్త. పోస్టు కాస్త పెద్దదే, ఓపికగా చదవండి.

మా నాన్న బుర్రకథ చెబుతారు. ఇప్పుడు డెబ్భై రెండేళ్లు. చిన్నప్పుడు పొన్నెకల్లు నాజర్ గారి కథ చూసొచ్చి, ఇంట్లో వద్దంటున్నా వినకుండా దళంలో చేరారట. నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చినప్పుడు తనకే వచ్చినంత సంబరపడ్డారని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. కథకుడు నాన్న. హాస్యం మా బాబాయి, రాజకీయం మా మేనమామ; వంతలు ఈ ఇద్దరే, డక్కీలు వాయించేదీ వీళ్లే. ముగ్గురూ నలభై ఏళ్లుగా కలిసే ఆడుతున్నారు. నాన్న చెప్పే పల్నాటి కథ మొత్తం ఆరు గంటలు, రెండు రాత్రులు పడుతుంది. అది రాసిపెట్టింది ఎక్కడా లేదు, ఆయనకు నోటికి వచ్చిందే. మొన్న సంక్రాంతికి ఒక ఊళ్లో చెబుతుంటే గొంతు రెండుసార్లు పట్టేసింది. డాక్టరుకి చూపిస్తే రాత్రంతా గొంతెత్తి చెప్పడం ఇక తగ్గించమన్నారు. అందుకని ఈ వేసవి సెలవుల్లోనే కథంతా రికార్డు చేయాలనుకున్నాను.

విడి ట్రాకులు ఎందుకు కావాలంటే, ఇప్పటిదాకా ఫోన్లలో తీసినవన్నీ ఒకేలా ఉన్నాయి. రెండు డక్కీలు మోగుతుంటే నాన్న గొంతు వాటి వెనకాల ఎక్కడో వినిపిస్తుంది. బ్రహ్మనాయుడు మాట్లాడే చోట, నాగమ్మ ఎదురు చెప్పే చోట ఒక్క మాటా తెలియదు. సౌండ్ పెంచితే డక్కీలు కూడా పెరుగుతాయి. నాకు నాన్న గొంతు ఒక్కటే కొంచెం పైకి తేవడానికి వీలుండాలి. నా అవసరం ఇంతే.

ఫిబ్రవరిలో విజయవాడ వెళ్లి ఒక షాపులో ‘ఎనిమిది ఛానెళ్ల యూఎస్‌బీ మిక్సర్’ కొన్నాను. పదకొండు వేలు. ఎనిమిదీ ల్యాప్‌టాప్‌లోకి విడిగా వస్తాయా అని అడిగాను, వస్తాయన్నారు. తీరా ఇంటికొచ్చి పెడితే అన్నీ కలిసి ఎడమ, కుడి రెండే వస్తున్నాయి. తిరిగి తీసుకోమంటే కుదరదన్నారు. ఆ డబ్బు నేను నెలనెలా దాచుకున్నది. ఆ వారమంతా చాలా బాధపడ్డాను.

తర్వాత మా పెద్దమ్మ కొడుకు తన దగ్గరున్న నాలుగు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (మైకుల శబ్దాన్ని డిజిటల్‌గా మార్చి ల్యాప్‌టాప్‌కి పంపే పెట్టె) పంపాడు. దాన్ని పెట్టి పది రోజులైంది. సాఫ్ట్‌వేర్‌లో ఒకటి, రెండు మాత్రమే కనిపిస్తున్నాయి. మూడు, నాలుగు లేవు. గెయిన్ చివరిదాకా తిప్పినా గొంతు చిన్నగానే వస్తోంది, దాని మీద ‘స్స్’ అని ఒకటే శబ్దం. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెడితే ‘గుయ్’ మంటుంది, తీసేస్తే పోతుంది. మధ్యమధ్యలో చిటపటలు కూడా ఉన్నాయి. ముందువైపు 48 వోల్టులని ఒక బటన్ ఉంది, నొక్కితే మైకులు కాలిపోతాయేమోనని ఇంతవరకూ ముట్టుకోలేదు.

మూడు గొంతులు, రెండు డక్కీలు, తంబురా, నాన్న చేతి వేళ్లకు తొడిగే అందెలు. వీటికి నాలుగు ఇన్‌పుట్లు సరిపోతాయా, లేక ఎనిమిదిది కొనాలా? మళ్లీ తప్పు వస్తువు కొనే స్తోమత నాకు లేదు. సెలవులు జూన్ రెండో వారం దాకే.


కృష్ణలంక_సౌండ్స్
ఏప్రిల్ 28, ఉదయం 6:15

టీచరమ్మా, ఏమీ కొనకండి. ముందు ఈ మాట మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

నేను ఇరవై రెండేళ్లుగా మైకు సర్వీసు నడుపుతున్నాను. నాటకాలు, భజనలు, హరికథలు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో బుర్రకథలకు కూడా చాలాసార్లు మైకులు పెట్టాను.

మిక్సర్ సంగతి మొదట చెబుతాను, మీలాగే ఇంకొకరు ఇబ్బంది పడకూడదు. మామూలు మిక్సర్లో ఎనిమిది మైకులూ లోపలి సర్క్యూట్లోనే కలిసిపోతాయి. కలిశాక వచ్చిన ఎడమ కుడి జతను మాత్రమే చివర్లో డిజిటల్‌గా మార్చి యూఎస్‌బీకి పంపుతుంది. చారులో పడ్డ ఉప్పును మళ్లీ విడిగా తీయలేం కదా, ఇదీ అంతే. విడి ట్రాకులు కావాలంటే ప్రతి మైకుకీ విడి ప్రీఆంప్ (మైకు ఇచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్) ఉండాలి, దాని సిగ్నల్ దేనితోనూ కలవకుండా డిజిటల్‌గా మారి కంప్యూటర్‌కి వెళ్లాలి. కొనేటప్పుడు పెట్టె మీద ‘ఛానెళ్లు’ ఎన్ని అని కాదు, ‘యూఎస్‌బీ ఎన్ని ఇన్, ఎన్ని అవుట్’ అని చూడాలి. ‘2 ఇన్ 2 అవుట్’ అని ఉంటే స్టీరియోనే. అన్నీ విడిగా పంపే మిక్సర్లూ ఉన్నాయి. బెహ్రింగర్ ఎక్స్‌ఆర్18 అయితే 18 ఇన్ 18 అవుట్, అందులో మైకు ప్రీఆంప్‌లే పదహారు. అదే వరసలోని ఎక్స్‌ఆర్12, ఎక్స్‌ఆర్16ల మీద ఉండే యూఎస్‌బీ మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి స్టీరియో రికార్డు చేసుకోవడానికి. పేర్లు చూసి ఒకటే అనుకోకూడదు.

ఇంటర్‌ఫేస్‌లలోనూ ఈ చిక్కు ఉంది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 4ఐ4 అంటే ఇన్‌పుట్లు నాలుగే, కానీ మైకు ప్రీఆంప్‌లు రెండు. మిగతా రెండూ లైన్ ఇన్‌పుట్లు, అంటే కీబోర్డు లాంటి వాటి బలమైన సిగ్నల్ కోసం. బెహ్రింగర్ యూఎంసీ404హెచ్‌డీలో నాలుగూ మైకు ప్రీఆంప్‌లే. కాబట్టి మీ పెట్టె ముందు చూసి చెప్పండి: మూడు రంధ్రాలున్న గుండ్రటి కాంబో జాక్‌లు నాలుగు ఉన్నాయా? నాలుగింటికీ విడి గెయిన్ నాబ్‌లు ఉన్నాయా?

గొంతు చిన్నగా రావడానికి కారణం నాకు దాదాపు తెలిసిపోయింది. మీ మైకు వైర్లు ఊళ్లో మైకు సెట్లవే కదా? ఒక చివర మైకుకి పెట్టే మూడు పిన్నులది, రెండో చివర లావు జాక్ ఉంటుంది. ఆ లావు జాక్‌ని కాంబో మధ్యలో గుచ్చితే చాలా ఇంటర్‌ఫేస్‌లలో అది లైన్ ఇన్‌పుట్ అయిపోతుంది. మైకు ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. లైన్ ఇన్‌పుట్ కోరేది వోల్టు దరిదాపు. ఇక గెయిన్ ఎంత తిప్పితే ఏం లాభం? ఆ జాక్ కోయించి అక్కడ మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ మేల్ కనెక్టర్ కొట్టించండి. ఒకటో పిన్నుకి షీల్డు, రెండుకి హాట్, మూడుకి కోల్డ్. అయితే వైరు లోపల షీల్డు కాకుండా రెండు కోర్లు ఉండాలి. ఒకటే కోరు ఉంటే ఆ వైరు పక్కన పెట్టి రెండు కోర్ల వైరు మీటర్ల లెక్కన కొనుక్కోండి. మీరు చేయాల్సిన ఖర్చు ఇదొక్కటే.

48 వోల్టుల బటన్ కండెన్సర్ మైకుకి కరెంటు ఇవ్వడానికి. మామూలు డైనమిక్ మైకుకి, అంటే కరెంటు అక్కర్లేని కాయిల్ మైకుకి, సరైన ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు ఉంటే అది నొక్కినా ఏమీ కాదు, ఎందుకంటే రెండు, మూడు పిన్నుల మీద సమానంగా వస్తుంది, కాయిల్‌లో కరెంటు పారదు. ఆ బటన్‌కి మీరు భయపడక్కర్లేదు. వైర్లన్నీ పెట్టాక నొక్కండి, తీసేముందు ఆపండి, అప్పుడు స్పీకర్ సౌండ్ తగ్గించి ఉంచండి.


పటమట_బీటెక్
ఏప్రిల్ 28, మధ్యాహ్నం 1:40

మేడమ్, రెండే కనిపించడం, చిటపటలు రెండూ డ్రైవర్ సమస్యలే అనుకుంటున్నాను. విండోస్ తన మామూలు పద్ధతిలో ఇలాంటి పెట్టెను చాలాసార్లు ‘ఇన్‌పుట్ 1-2’, ‘ఇన్‌పుట్ 3-4’ అని రెండు వేరే పరికరాల్లా చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఒక్కసారి ఒక్క పరికరాన్నే తీసుకుంటుంది. అందుకే మూడు, నాలుగు కనిపించవు.

నాలుగూ ఒకేసారి రావాలంటే ఏసియో డ్రైవర్ కావాలి. స్టైన్‌బర్గ్ వాళ్లు 1997లో తెచ్చిన పద్ధతి ఇది. విండోస్ మిక్సర్ జోలికి పోకుండా సాఫ్ట్‌వేర్ నేరుగా ఇంటర్‌ఫేస్‌తో మాట్లాడుతుంది. మీ పెట్టె తయారీదారు వెబ్‌సైట్‌లో మీ మోడల్ పేరు కింద డ్రైవర్ ఉంటుంది. అదే వేసుకోండి. ఏసియో4ఆల్ అనేదొకటి నెట్‌లో అందరూ చెబుతుంటారు. అది సొంత డ్రైవర్ లేని పరికరాలకు పనికొచ్చేది. మీకు సొంతది దొరికితే దాని అవసరం లేదు.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌గా రీపర్ పెట్టుకోండి. అరవై రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, మీ సెలవులకు సరిపోతుంది. ఆప్షన్స్‌లో ప్రిఫరెన్సెస్ తెరిచి, ఆడియో కింద డివైస్‌కి వెళ్లి, ఆడియో సిస్టమ్ దగ్గర ఏసియో ఎంచుకోండి. ఇన్‌పుట్ల వరస ఒకటి నుంచి నాలుగు దాకా పెట్టండి. తర్వాత నాలుగు ట్రాకులు తెరిచి, ఒక్కోదానికి మోనో ఇన్‌పుట్ 1, 2, 3, 4 అని ఇచ్చి, నాలుగింటి మీదా ఎర్ర రికార్డ్ బటన్ నొక్కి ఉంచండి. రికార్డింగ్ మొదలుపెట్టేముందే ప్రాజెక్టుకి పేరు పెట్టి సేవ్ చేయండి, లేకపోతే ఫైళ్లు ఎక్కడ పడ్డాయో తర్వాత వెతుక్కోవాలి.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్ చాలు, అంటే సెకనుకి 48,000 శాంపిళ్లు (శబ్దపు కొలతలు), ఒక్కోదానికి 3 బైట్లు. ఒక ట్రాకు సెకనుకి 1,44,000 బైట్లు, అంటే గంటకు సుమారు 518 ఎంబీ. నాలుగు ట్రాకులు గంటకు 2 జీబీ పైన కొద్దిగా. ఆరు గంటల కథ 12.4 జీబీలో వచ్చేస్తుంది. యూఎస్‌బీ 3 పోర్టు లేదని టెన్షన్ పడకండి. నాలుగు ట్రాకులకు కావాల్సింది సెకనుకి 5 మెగాబిట్లలోపే, యూఎస్‌బీ 2 వేగం 480. కానీ హబ్ వద్దు, నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకే పెట్టండి.

చిటపటలకు బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శాంపిళ్ల సంఖ్య) పెంచండి. 128 మీద ఉంటే 512 గానీ 1024 గానీ చేయండి. వైఫై ఆపేయండి, పవర్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ తీసేయండి.


అరండల్‌పేట_కీస్
ఏప్రిల్ 28, రాత్రి 9:05

మా ఫ్రెండ్ దగ్గర రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్‌లు రెండు ఖాళీగా ఉన్నాయి. మీ నాలుగుతో కలిపి పెట్టుకుంటే ఎనిమిది అవుతాయి కదండీ. మాక్‌లో అయితే అలా కలుపుతారు.


కృష్ణలంక_సౌండ్స్
ఏప్రిల్ 28, రాత్రి 9:48

బాబూ, సాయం చేయాలనే నీ మనసు మంచిదే. కానీ విండోస్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఒకసారి ఒక్క ఏసియో డ్రైవర్‌నే వాడుతుంది. ఏదో విధంగా కలిపినా ప్రతి పెట్టెలోనూ శాంపిళ్లు ఎంత వేగంగా తీయాలో చెప్పే సొంత గడియారం ఉంటుంది. రెండు గడియారాలు ఎప్పుడూ కచ్చితంగా ఒకేలా నడవవు. పాట నాలుగు నిమిషాలు కాబట్టి తెలియదు, కథ గంటలకొద్దీ నడుస్తుంది. నిజంగా ఎనిమిది కావాలంటే అడాట్ ఆప్టికల్ ఇన్‌పుట్ (ఒకే వైరులో ఎనిమిది ఛానెళ్లు తెచ్చేది) ఉన్న ఇంటర్‌ఫేస్ తీసుకుని, దానికి ఎనిమిది మైకుల ప్రీఆంప్ తగిలించాలి. అప్పుడు రెండూ ఒకే గడియారం మీద నడిచేలా పెట్టొచ్చు.

టీచరమ్మకి అది అక్కర్లేదు.


నల్లపాడు_లెక్కల_టీచర్
మే 2, రాత్రి 11:20

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఈ నాలుగు రోజుల్లో పది రోజుల బాధ తీరింది.

పెట్టె ముందు నాలుగు కాంబో జాక్‌లు, నాలుగు నాబ్‌లు ఉన్నాయి. వైర్లు మీరు చెప్పినట్టే లావు జాక్‌వి, లోపల ఒకటే కోరు. గుంటూరులో రెండు కోర్ల వైరు కొని, మా స్కూల్ దగ్గర రేడియోలు బాగుచేసే పెద్దాయన చేత మూడింటికీ కొట్టించాను. గెయిన్ సగానికి కూడా తిప్పలేదు, నాన్న గొంతు నిండుగా వచ్చింది. ‘స్స్’ శబ్దం చెవి పెట్టి వెతికితే తప్ప లేదు. డ్రైవర్ వేశాక నాలుగు ట్రాకులూ వచ్చాయి.

రెండు గడియారాల సంగతి ఆసక్తిగా అనిపించి లెక్కేశాను. రెండింటి మధ్య మిలియన్‌కి యాభై భాగాల తేడా అనుకుంటే, గంటలో 3600 సెకన్లు కాబట్టి 0.18 సెకను తేడా వస్తుంది. బాబాయి డక్కీ మీద అంత తేడా అంటే దరువు మొత్తం తప్పినట్టే.

ఇప్పుడు ఇంకో మూడు అడగాలి. బఫర్ 1024 పెడితే 1024ని 48,000తో భాగించగా 21 మిల్లీ సెకన్ల ఆలస్యం వస్తోంది. ఇది తప్పా? ఛార్జర్ గుయ్‌మనడం ఇంకా ఉంది. మూడోది అన్నిటికంటే పెద్దది: నాన్న ఒక చోట నిలబడరు. బుర్రకథ అంటేనే ముందుకు రెండడుగులు, వెనక్కి రెండడుగులు, ఒక చుట్టు. గజ్జెలు కూడా ఉంటాయి. మైకు ముందు కదలకుండా నిలబడి చెప్పమంటే పది నిమిషాల్లో ఆయనకే కథ తప్పింది. ఆయన నలభై ఏళ్లలో కథ తప్పడం నేనెప్పుడూ చూడలేదు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

రెండు డక్కీలకు, తంబురాకు మైకులు లేవు. వాటినేం చేయాలి?


కృష్ణలంక_సౌండ్స్
మే 3, ఉదయం 5:50

బఫర్ తప్పు కాదమ్మా. అది ఒకరి పాట హెడ్‌ఫోన్లో వింటూ ఇంకొకరు పాడేటప్పుడు లెక్కపెట్టుకోవాల్సిన విషయం. మీ ముగ్గురూ ఒకే గదిలో, ఒకరినొకరు చెవులతో వింటూ చెబుతారు. ఆలస్యం నాలుగు ట్రాకులకూ సమానంగానే ఉంటుంది. 1024 అలాగే ఉంచండి.

ఛార్జర్ గుయ్‌మనేది ఎర్తింగ్ గొడవ. ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండా ఎక్కించి, రికార్డింగ్ అప్పుడు ఛార్జర్ తీసేయండి. గంటకోసారి ఆపి మళ్లీ ఎక్కించుకోండి, పెద్దవాళ్లకూ విశ్రాంతి దొరుకుతుంది. ఛార్జర్ మూడో పిన్ను విరగ్గొడితే పోతుందని ఎవరైనా సలహా చెబితే వినకండి, ప్రాణం మీదికి వస్తుంది. ఇన్వర్టర్ మీద కూడా రికార్డు చేయకండి, కొన్ని ఇన్వర్టర్ల కరెంటులో ఆ గుయ్ ఇంకా ఎక్కువ.

ఇక అసలు పని. డక్కీలకు మైకులు వద్దు. డక్కీ ఎంత గట్టిగా మోగుతుందో మీకు తెలుసు. అది మూడు గొంతు మైకుల్లోకీ ఎలాగూ వస్తుంది. మీరు చూడాల్సింది నాన్నగారి మైకులోకి అది ఎంత తక్కువ వస్తుందనేది. ట్రాకులు విడిగా ఉన్నంత మాత్రాన శబ్దాలు విడిపోవు. నాన్నగారి ట్రాకులో డక్కీ నిండా ఉంటే, ఆయన్ని పెంచినప్పుడల్లా డక్కీ కూడా పెరుగుతుంది, మీ ఫోన్ రికార్డింగ్ కష్టమే మళ్లీ వస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

స్టేజీ మీదలా ముగ్గురినీ ఒక వరసలో నిలబెట్టకండి. నాన్నగారు ఒకవైపు, ఎదురుగా రెండు మీటర్ల దూరంలో వంతలు ఇద్దరూ ఆయన్ని చూస్తూ. మీ మైకులు కార్డియాయిడ్ రకం అయితే, అంటే షూర్ ఎస్ఎమ్58 లాంటివి, అవి వెనకవైపు శబ్దాన్ని బాగా తగ్గించి తీసుకుంటాయి. ఎదురెదురుగా నిలబడితే నాన్నగారి మైకు వీపు సరిగ్గా డక్కీల వైపు ఉంటుంది. దూరం రెట్టింపైతే శబ్దం 6 డీబీ (డెసిబెల్స్) తగ్గుతుంది. నోటికి 15 సెంటీమీటర్లు, డక్కీకి 200 అయితే ఎంత తేడా వస్తుందో మీరే వేసుకోండి. గది గోడల వల్ల అంతా రాదు, కానీ సగం వచ్చినా మీ పని జరుగుతుంది.

నాలుగో ఇన్‌పుట్‌కి ఒక కండెన్సర్ మైకు పెట్టండి, ముగ్గురికీ పక్కగా, రెండు మీటర్ల దూరంలో, మనిషి ఎత్తులో. తంబురా, అందెలు, గజ్జెలు, గది, అన్నీ కలిసి అందులోకి వస్తాయి. దానికే ఆ 48 వోల్టులు. నా దగ్గర ఒకటి ఉంది. ఈ వారం గుంటూరులో పెళ్లి పని మీద వస్తున్నాను, ఇచ్చి వెళ్తాను. డబ్బుల మాట ఎత్తకండి.

లెవెల్ చూసేటప్పుడు మామూలు మాటలకు కాదు, యుద్ధ ఘట్టంలో ముగ్గురూ కలిసి అరిచే చోటు చెప్పించి చూడండి. అప్పుడు కూడా మీటరు మైనస్ 12 డీబీ దాటకూడదు. 24 బిట్‌లో తక్కువగా తీసుకుంటే పోయేదేమీ లేదు, తర్వాత పెంచుకోవచ్చు. ఎర్ర లైటు తగిలి చిట్లిన మాటను మాత్రం ఎవరూ బాగుచేయలేరు.


సత్యనారాయణపురం_వీణ
మే 3, సాయంత్రం 4:30

అమ్మాయ్, నేను వీణ టీచర్ని. సాంకేతికం నాకు పెద్దగా తెలియదు, కళాకారుల పక్కనుంచి ఒక మాట చెబుతాను.

మీ నాన్నగారిని కదలవద్దనకు. ఆ అడుగులోనే ఆయనకు తాళం ఉంది, తాళంలో కథ ఉంది. అడుగు ఆపితే మాట ఆగుతుంది. మేము కూడా కాలో చెయ్యో ఆడకుండా పల్లవి పాడలేం. ఒక దళసరి బొంత పరిచి, దాని మీద ఎంతైనా ఆడమను. ముందుకు వెనక్కి ఒక్కో అడుగు చాలని ఆయనకు మెల్లిగా చెప్పు. వాళ్లకు చెబితే అర్థమవుతుంది. నాటకాల్లో వేలాడే మైకుల కింద ఎన్ని ఏళ్లు చెప్పి ఉంటారో! ఎక్కడ నిలబడితే మాట అందుతుందో వాళ్ల ఒంటికే తెలుసు. గజ్జెలు తీయించకు, శబ్దం ఎక్కువనిపిస్తే రెండు వరసలకు బదులు ఒక వరస కట్టుకుంటారు.

చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టకు. ముందు వినేవాళ్లు లేకుండా ఖాళీ గదిలో చెప్పించకు. నలుగురు ముసలమ్మల్ని కూర్చోబెట్టు, దగ్గకుండా ఉంటామని మాట తీసుకుని.

గది స్లాబుదైతే ప్రతిధ్వని వస్తుంది. గోడలకు పరుపులు, బొంతలు ఆనించు. గోనె సంచులు మాత్రం వద్దు, మీ వైపు అన్నీ మిరపకాయల సంచులే. ఆ ఘాటు ఒక్కసారి గొంతుకి తగిలితే ఆ రాత్రికి ఇక కథ లేదు. ఫ్యాన్ ఆపాలి కాబట్టి ఈ ఎండల్లో పగలు కుదరదు. తెల్లవారుజామున మూడున్నరకు మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు ఆపేయండి. గొంతుకు గోరువెచ్చని నీళ్లు.


నల్లపాడు_లెక్కల_టీచర్
మే 11, మధ్యాహ్నం 12:10

నిన్న తెల్లవారుజామున మొదటి భాగం అయింది. మూడు గంటల పది నిమిషాలు, మధ్యలో మూడు విరామాలు. నాలుగు ట్రాకులూ శుభ్రంగా ఉన్నాయి, చిటపట ఒక్కటీ లేదు. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మా అన్నయ్య కంప్యూటర్లో ఇంకో కాపీ పెట్టాను.

మేడ మీద గదిలో బొంత పరిచి, నాన్నని, వంతల్ని ఎదురెదురుగా పెట్టాం. మొదటి పావుగంట ముగ్గురికీ కొత్తగా ఉంది. నలభై ఏళ్లూ పక్కపక్కన నిలబడ్డవాళ్లు. తర్వాత ఒకరి కళ్లు ఒకరికి కనబడటం వల్లో ఏమో, బాబాయి వంతలు మునుపటికంటే ముందే అందుకున్నారు. అమ్మ, పక్కింటి ఇద్దరు పెద్దమ్మలు, మా అత్త కూర్చున్నారు. బాలచంద్రుడి ఘట్టంలో అత్త ఏడ్చింది, అది నాలుగో ట్రాకులో కొద్దిగా వినిపిస్తుంది. దాన్ని తీయను.

15కి 200 లెక్కేస్తే 22.5 డీబీ వచ్చింది. నిజంగా ఎంత వచ్చిందో కొలవలేదు గానీ, నాన్న ట్రాకు ఒక్కటే పెట్టి వింటే డక్కీలు పక్క వీధిలో మోగుతున్నట్టు ఉన్నాయి. బ్రహ్మనాయుడి మాటలు ప్రతి అక్షరం తెలుస్తోంది. కండెన్సర్ మైకు రెండు మీటర్ల అవతల ఉంది కాబట్టి దానికి శబ్దం దాదాపు 5.8 మిల్లీ సెకన్లు ఆలస్యంగా చేరుతుంది, 48 కిలోహెర్ట్జ్ దగ్గర 280 శాంపిళ్లు. ఆ ట్రాకుని అంత ముందుకు జరిపితే మాట ఇంకా గట్టిగా, దగ్గరగా వచ్చింది. ఇది సరైన పనేనా చెప్పండి.

రాత్రి నాన్నకి వినిపించాను. తన గొంతు విడిగా వినడం ఆయనకు ఇదే మొదటిసారి. కళ్లు మూసుకుని నలభై నిమిషాలు విన్నారు. బాగుందని గానీ బాగోలేదని గానీ అనలేదు. కోడిపందెం దగ్గర చెయ్యెత్తి ఆపమన్నారు. ‘అక్కడ అందె ఒకటి జారింది, ఒక మాట మింగేశాను. అది మళ్లీ చెబుతాను’ అన్నారు. నేను నాలుగుసార్లు విన్నా నాకు తెలియలేదు, ఐదోసారికి తెలిసింది. ఆ ఒక్క మాట వరకూ నాన్న ట్రాకులో మళ్లీ రికార్డు చేసి అతికించొచ్చా?


కృష్ణలంక_సౌండ్స్
మే 11, రాత్రి 8:35

280 శాంపిళ్లు జరపడం సరైన పనే. జరిపి వినండి, జరపకుండా వినండి, ఏది దగ్గరగా అనిపిస్తే అది ఉంచండి.

నాన్నగారి ట్రాకు ఒక్కటే మార్చకండి. పాత మాట మిగతా మూడు మైకుల్లోనూ కొద్దికొద్దిగా ఉంది. ఒకచోట కొత్త మాట, మూడుచోట్ల పాత మాట ఉంటే నీడలా రెండుసార్లు వినిపిస్తుంది. ముగ్గురూ కలిసి, ఆ మాటకు ముందు వచ్చే తందాన నుంచి మొదలుపెట్టి, తర్వాతి తందాన దాకా మళ్లీ చెప్పాలి. అదే గది, అదే చోటు, నాబ్‌లు కదపకుండా, అదే తెల్లవారుజాము వేళ. డక్కీ చర్మం పగలు ఒక శ్రుతిలో, తెల్లవారుజామున ఒక శ్రుతిలో ఉంటుంది. పగలు తీస్తే అతుకు తెలిసిపోతుంది.

తర్వాత రీపర్‌లో నాలుగు ట్రాకుల ముక్కల్నీ ఎంచుకుని జీ నొక్కితే అవి ఒక గుంపవుతాయి. డక్కీ దెబ్బ పడబోయే ముందు క్షణంలో కర్సర్ పెట్టి ఎస్ నొక్కితే నాలుగూ ఒకేచోట తెగుతాయి. కొత్త ముక్కని అక్కడ పెట్టి, అతుకు మీద పది మిల్లీ సెకన్ల క్రాస్‌ఫేడ్ (పాతది తగ్గుతూ కొత్తది పెరగడం) ఇవ్వండి. దెబ్బ కింద అతుకు దాగిపోతుంది. పాత ముక్కని చెరపకండి, పేరు మార్చి పక్కన ఉంచండి.


నల్లపాడు_లెక్కల_టీచర్
మే 11, రాత్రి 9:02

అలాగేనండీ. నాబ్‌ల మీద పెన్నుతో గుర్తులు పెట్టాను, బొంత చుట్టూ చాక్‌పీసు గీత గీశాను. బాబాయికి ఫోన్ చేశాను, మేనమామ ఇక్కడే పడుకుంటున్నారు. మూడున్నరకి అలారం పెట్టాను. ముందు కోడిపందెం, తర్వాత కారంపూడి యుద్ధం.